రొయ్యల కర్మాగారాల తూకపు ప్రోగ్రాములో లువా 5.4: వినియోగ సమీక్ష

విశాఖపట్నంలో రొయ్యలను శుద్ధిచేసి విదేశాలకు పంపే కర్మాగారాల కోసం మా బృందం సీప్లస్‌ప్లస్ భాషలో ఒక ప్రోగ్రామును రాసి నిర్వహిస్తున్నది. సరుకు దింపే హాలులోని ఎలక్ట్రానిక్ కాటా నుండి బరువును చదువుకోవడం, నమూనా తీసి లెక్కించిన కౌంటును నమోదు చేయడం, రైతుకు ఇవ్వవలసిన మొత్తాన్ని కట్టి బిల్లు ముద్రించడం దాని పని. బరువు చదివే పద్ధతి గానీ బిల్లు ముద్రించే పద్ధతి గానీ ఏళ్ల తరబడి మారవు. ధర కట్టే నియమం మాత్రం తరచుగా మారుతుంది; సీజను ముమ్మరంగా ఉన్నప్పుడు రోజుకోసారి కూడా మారుతుంది. ఆ నియమాన్ని కంపైల్ చేసిన ప్రోగ్రాము లోపలి నుండి బయటికి తీసి, కర్మాగారంలోని కొనుగోలు మేనేజరే సరిదిద్దుకోగల స్క్రిప్టుగా మార్చడానికి మేము లువా అన్న చిన్న ప్రోగ్రామింగ్ భాషను ఎంచుకుని, దాని స్క్రిప్టులను చదివి నడిపే ఇంటర్‌ప్రిటర్‌ను ప్రోగ్రాములో పొదిగాము. వాడుతున్నది 5.4 వెర్షన్. ఆ ఎంపిక ఎంతవరకు ఫలించిందో, ఇదే పని తలపెట్టేవారు ఏయే చోట్ల జాగ్రత్త పడాలో ఈ సమీక్షలో వివరిస్తాను.

ముందుగా ఆ నియమం ఎంత చిక్కుగా ఉంటుందో చెప్పాలి, ఎందుకంటే స్క్రిప్టు భాష అవసరమా కాదా అన్న ప్రశ్నకు సమాధానం అందులోనే ఉంది. కౌంటు అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న సంఖ్య. 30 కౌంటు అంటే పెద్ద రొయ్య, 100 కౌంటు అంటే చిన్న రొయ్య. ధరల పట్టికలో 30, 40, 50 అని పదుల లెక్కన ధర ఉంటుంది. చెరువులో పెరిగిన రొయ్య మాత్రం ఆ పదులను చూసి పెరగదు. 40 కౌంటుకు కిలో 400 రూపాయలు, 50 కౌంటుకు 360 రూపాయలు అనుకుందాం. వచ్చిన సరుకు 43 కౌంటు అయితే ఒక కర్మాగారం కౌంటుకు 4 రూపాయల చొప్పున తగ్గించి 388 రూపాయలు కడుతుంది. మరొకటి రెండు మూడు కౌంట్ల తేడాను మన్నించి 40 కౌంటు ధరే ఇస్తుంది. దీనిపైన మెత్తపెంకు రొయ్యకు ఒక తగ్గింపు, విరిగిన రొయ్యకు ఒక తగ్గింపు, ట్రేలోని మంచు నీటికి ఒక తగ్గింపు ఉంటాయి. ఇక ఎగుమతి వైపు చూస్తే లెక్క మొత్తం మారిపోతుంది: అక్కడ తల తీసిన రొయ్యను పౌనుకు 16/20, 21/25 అన్న శ్రేణుల్లో లెక్కిస్తారు. రైతు చెప్పే కౌంటు కిలోకు, కొనుగోలుదారు అడిగే కౌంటు పౌనుకు.

ఇటువంటి నియమాలను సెట్టింగుల ఫైలులో పట్టికలుగా పెట్టి నెట్టుకురావచ్చునని చాలామంది భావిస్తారు. ధరలు మాత్రమే మారే చోట అది సరిపోతుంది. 'మెత్తపెంకు ఇంత శాతం దాటితే, కౌంటు ఇంతకన్న ఎక్కువైతే' అన్న షరతులు వచ్చిచేరే కొద్దీ ఆ ఫైలు తానే ఒక అరకొర భాషగా మారుతుంది. దానికి వ్యాకరణం ఉండదు, తప్పు చేస్తే ఏ వరుసలో చేశామో చెప్పే నాథుడు ఉండడు. ఆ స్థితికి చేరుకోబోయే ముందే ఒక అసలైన భాషను తెచ్చిపెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

లువా 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో పొంటిఫికల్ కాథలిక్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. రొబెర్తో ఇయెరుసలిమ్‌స్కీ, లూయిజ్ హెన్రిక్ డి ఫిగెరెడో, వాల్డెమార్ సెలెస్ దాని రూపకర్తలు. అక్కడి టెక్‌గ్రాఫ్ ప్రయోగశాల ఆ దేశపు చమురు సంస్థ పెట్రోబ్రాస్ కోసం ప్రోగ్రాములు రాసేది. వృత్తిరీత్యా ప్రోగ్రామర్లు కాని ఇంజనీర్లు తమ డేటా వివరాలను, నియమాలను తామే రాసుకోవడానికి ఒక చిన్న భాష కావలసి వచ్చింది. కొనుగోలు మేనేజరు చేతికి స్క్రిప్టు ఇచ్చే మా వంటివారికి ఈ చరిత్ర ఎంతో ముఖ్యమైనది: తానొక్కటే నిలబడి నడిచే భాషగా కాక, వేరొకరి ప్రోగ్రాములో ఒదిగి ఉండే లైబ్రరీగానే దీనిని మొదటినుండీ తీర్చిదిద్దారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలోని యాడ్‌ఆన్లు, నెట్‌వర్కు రాకపోకలను పరిశీలించే వైర్‌షార్క్‌లో ప్రోటోకాల్ విశ్లేషకాలు, 2012 నాటి 2.6 వెర్షన్ నుండి రెడిస్ డేటాబేసులో నడిచే స్క్రిప్టులు అన్నీ ఆ పద్ధతిలో పొదిగినవే.

పొదగడం ఎంత సులభమో మాటల్లో చెబితే అతిశయంగా తోచవచ్చు. లువా మొత్తం ప్రామాణిక సీ భాషలో ముప్పై వేల వరుసల వరకు ఉంటుంది. బయటి లైబ్రరీ ఏదీ అక్కరలేదు. దాని సోర్సు ఫైళ్లను మా ప్రాజెక్టులో చేర్చి కలిపి కంపైల్ చేస్తాము, అంతే. ప్రామాణిక లైబ్రరీలన్నీ కలిపినా 64 బిట్ లినక్స్‌పై ఇంటర్‌ప్రిటర్ 300 కిలోబైట్ల లోపే. కర్మాగారంలో విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు, నెట్ అక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఆ తరువాత ఈ ఊరిలో తూకపు ప్రోగ్రాము రాసేవారెవరూ ధర కట్టే నియమాన్ని దూరాన ఉన్న సర్వరుపై ఆధారపడేలా పెట్టకూడదు. జనరేటరుపై నడిచే ఒక్క కంప్యూటరులోనే మొత్తం పని పూర్తికావాలి.

సీ వైపు నుండి లువాతో మాట్లాడే పద్ధతి ఒక స్టాక్ చుట్టూ, అంటే విలువలను ఒకదానిపై ఒకటి పేర్చే దొంతర చుట్టూ, తిరుగుతుంది. ఫంక్షన్‌ను స్టాక్‌పైకి ఎక్కించి, దాని వెనుక బరువును, కౌంటును ఎక్కించి, పిలుస్తాము. అవి దిగిపోయి వాటి స్థానంలో ఫలితం వస్తుంది. అడుగు నుండి లెక్కిస్తే 1, 2, 3. పైనుండి లెక్కిస్తే -1, -2, -3. స్ట్రింగుల వంటి కొన్నింటిని మినహాయిస్తే లువా విలువలు పాయింటర్లుగా (మెమరీ చిరునామాలుగా) సీ చేతికి నేరుగా రావు గనుక, వాడకం తీరిన మెమరీని ఏరివేసే లువా యంత్రాంగానికి, మన మెమరీకి మధ్య తగాదా ఉండదు. ఈ నిర్ణయాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయితే ఆ స్టాక్‌ను సమతూకంలో ఉంచే బాధ్యత పూర్తిగా మనదే. సీ ఫంక్షన్‌లోకి ప్రవేశించినప్పుడు 20 ఖాళీలకు మాత్రమే హామీ ఉంటుంది. అంతకు మించి కావాలంటే ముందుగా అడగాలి. అడగకుండా ఎక్కిస్తే మామూలుగా కంపైల్ చేసిన లువా ఏమీ అనదు, మెమరీ మౌనంగా పాడవుతుంది. అందువల్ల అభివృద్ధి దశలో ఇటువంటి పొరపాట్లను పట్టిచ్చే లువా_యూజ్_ఏపీఐచెక్ అన్న మాక్రోను నిర్వచించి కంపైల్ చేయడం తప్పనిసరి అని నేను భావిస్తాను. స్ట్రింగుల (పాఠ్య విలువల) విషయంలో మరొక షరతు ఉంది: లువా_టుస్ట్రింగ్ ఇచ్చే పాయింటరు ఆ విలువ స్టాక్‌పై ఉన్నంతవరకే నమ్మదగినది. దించివేసే ముందే నకలు తీసుకోవాలి. పట్టికను లువా_నెక్స్ట్‌తో వరుసగా చదివేటప్పుడు సంఖ్యగా ఉన్న కీపై (అంశాన్ని గుర్తించే పేరుపై) ఇదే ఫంక్షన్‌ను ప్రయోగిస్తే ఆ కీ అక్కడికక్కడే స్ట్రింగుగా మారిపోయి చదవడం గందరగోళమవుతుంది. మాన్యువల్ ఈ సంగతిని స్పష్టంగానే హెచ్చరించింది.

అన్నింటికన్న ఎక్కువ ఆలోచన పెట్టవలసిన చోటు ఎర్రర్ల నిర్వహణ. స్క్రిప్టులో తప్పు ఉండడం సహజం. ఆ తప్పు వల్ల తూకపు హాలులోని ప్రోగ్రాము పడిపోకూడదు. లువా_పీకాల్ ద్వారా పిలిస్తే ఎర్రర్ ఒక సందేశంగా తిరిగి వస్తుంది. రక్షణ లేని లువా_కాల్ ద్వారా పిలిచి, బయట ఎక్కడా పీకాల్ లేకపోతే, లువా ప్యానిక్ ఫంక్షన్‌ను పిలిచి ఆపై మొత్తం ప్రోగ్రామునే అబార్ట్ చేస్తుంది. ఇది అందరికీ తెలిసిన సంగతే. సీప్లస్‌ప్లస్ వారు గమనించవలసినది మరొకటి ఉంది. సీగా కంపైల్ చేసిన లువా ఎర్రర్ వచ్చినప్పుడు లాంగ్‌జంప్ చేస్తుంది, అంటే మధ్యలోని ఫంక్షన్లను దాటవేసి నేరుగా వెనక్కి దూకుతుంది. దారిలో ఉన్న సీప్లస్‌ప్లస్ ఆబ్జెక్టులను సర్దిముగించే డిస్ట్రక్టర్లు నడుస్తాయన్న భరోసా ఉండదు; తెరిచిన ఫైలు, పట్టుకున్న లాకు అలాగే మిగిలిపోవచ్చు. లువా సోర్సునే సీప్లస్‌ప్లస్ కంపైలరుతో కంపైల్ చేస్తే ఎర్రర్లు ఆ భాష సొంత ఎర్రర్ పద్ధతి అయిన ఎక్సెప్షన్లుగా మారి, డిస్ట్రక్టర్లు నడిచి ఈ ఇబ్బంది తొలగుతుంది. మేము ఆ మార్గాన్నే అనుసరించాము, సీప్లస్‌ప్లస్‌లో రాసే ప్రతివారికీ దానినే సిఫారసు చేస్తాను.

ఎర్రర్ సందేశం ఇంగ్లీషులో వస్తుంది, అందులో ఫైలు పేరు, వరుస సంఖ్య ఉంటాయి. ఆ రెండింటినీ విడదీసి 'ధరల స్క్రిప్టులో ఫలానా వరుసలో తప్పు ఉంది' అని తెలుగులో చూపిస్తే మేనేజరుకు సగం పని తీరుతుంది. ఇక్కడ తెలుగువారికే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. సందేశంలో చేరే ఫైలు పేరుకు లువా కేటాయించిన చోటు మామూలుగా 60 బైట్లు. పేరు అంతకన్న పొడవైతే ముందు భాగాన్ని కోసివేసి మూడు చుక్కలు పెడుతుంది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు గనుక ఇరవై సంకేతాల లోపే ఆ చోటు నిండిపోతుంది, కోత ఒక అక్షరం మధ్యలో పడి సందేశం మొదట్లో చెల్లని బైట్లు మిగలవచ్చు. ఫోల్డరు దారి అంతటినీ ఇవ్వకుండా పొట్టి పేరును మనమే ఇవ్వడం దీనికి సులభమైన విరుగుడు.

వేరొకరు రాసిన స్క్రిప్టును మన ప్రోగ్రాము లోపల నడపడమంటే దానికి హద్దులు గీయడం కూడా. లువాను నేను ఇంతగా ఇష్టపడడానికి ప్రధాన కారణం ఇదే: ఆ హద్దులన్నీ గీసే అధికారం పొదిగినవారి చేతిలో ఉంటుంది. లైబ్రరీలన్నింటినీ ఒకేసారి తెరవకుండా గణితం, స్ట్రింగు, టేబుల్ వంటివి మాత్రమే తెరిచి, ఫైళ్లను, ఆపరేటింగ్ సిస్టమును తాకే ఐఓ, ఓఎస్ లైబ్రరీలను పూర్తిగా విడిచిపెట్టవచ్చు. మెమరీ కేటాయించే ఫంక్షన్‌ను మనమే రాసి ఇచ్చి, ఇంత మించితే లేదని చెప్పవచ్చు. ఇన్ని సూచనలు నడిచిన తరువాత నన్ను పిలువు అని ఒక హుక్ పెట్టి, ఆగని లూపును ఎర్రరుతో ఆపవచ్చు. అయితే ఈ హుక్ లువా సూచనలను మాత్రమే లెక్కిస్తుంది. సీలో రాసిన స్ట్రింగ్ ఫంక్షన్ ఒకటి పెడదారి పట్టిన ప్యాటర్న్‌తో గింజుకుంటూ ఉంటే హుక్‌కు వంతు రాదు. స్క్రిప్టే తనలో పీకాల్ వాడి మన ఎర్రరును మింగివేయగలదు కూడా. అందుచేత ధరల స్క్రిప్టుకు పీకాల్ అందకుండా చేయడం మంచిది. ముందే కంపైల్ చేసిన బైట్‌కోడును ఎట్టి పరిస్థితిలోనూ అనుమతించకూడదు. దురుద్దేశంతో తయారుచేసిన బైట్‌కోడు ఇంటర్‌ప్రిటర్‌ను కూల్చగలదు, 5.2 నుండి దానిని పరిశీలించే భాగం లువాలో లేదు. లోడ్ చేసేటప్పుడు పాఠ్యం మాత్రమే అన్న మోడ్ ఇస్తే సరిపోతుంది.

డబ్బు లెక్కలకు లువా తగినదా అని మా దగ్గరకు వచ్చిన కుర్రవాళ్లు తరచు అడుగుతారు. 2015లో వచ్చిన 5.3 వెర్షన్‌తో 64 బిట్ల పూర్ణాంకాలు భాషలోకి వచ్చాయి గనుక, పైసలలో లెక్కిస్తే తగినదే. అయితే భాగహారం దగ్గర కళ్లు తెరుచుకుని ఉండాలి. పైన చెప్పిన 43 కౌంటు ఉదాహరణలో పైసల తేడా 4000. దానిని 3తో గుణించి 10తో మామూలు గీతతో (/) భాగిస్తే 1200 రాదు, 1200.0 వస్తుంది. రెండు గీతలతో (//) భాగిస్తే పూర్ణాంకం వస్తుంది. ఆ రెండు గీతల భాగహారం కూడా సీలోని భాగహారం వంటిది కాదు: -7ను 2తో భాగిస్తే సీలో -3, లువాలో -4. తగ్గింపులను రుణ సంఖ్యలుగా రాసే అలవాటు ఉన్నచోట ఒక్కొక్క బిల్లులో పైసా తేడా ఇలాగే పుడుతుంది. దీనికన్న ప్రమాదకరమైనది సీ వైపు ఫలితాన్ని చదివే క్షణం. స్క్రిప్టు 1200.5 తిరిగి ఇస్తే, దానిని పూర్ణాంకంగా అడిగిన లువా_టుఇంటిజర్ సున్నా ఇస్తుంది, ఏ ఫిర్యాదూ చేయదు. రైతు కష్టానికి సున్నా కట్టే బిల్లు ముద్రణకు వెళ్లకూడదు. మార్పిడి జరిగిందా లేదా అని చెప్పే టుఇంటిజర్‌ఎక్స్‌నే వాడాలి, జరగకపోతే బిల్లును ఆపివేయాలి.

తెలుగు పాఠ్యాన్ని లువా దాచగలదు, చేరవేయగలదు. అక్షరాలుగా మాత్రం చూడలేదు. స్ట్రింగు అంటే దానికి బైట్ల వరుస మాత్రమే. 'విశాఖ' అన్న మాటకు పొడవు గుర్తు (#) బైట్ల లెక్కన 15 అని చెబుతుంది, యూటీఎఫ్-8 లైబ్రరీ సంకేతాల లెక్కన 5 అని చెబుతుంది, చదివేవారికి కనిపించేవి మూడు అక్షరాలు. బిల్లులో రైతు పేరును ఇరవై గడులలో సర్దమని స్ట్రింగ్ ఫార్మాట్‌కు చెబితే అది బైట్లను లెక్కపెట్టి వరుసలను వంకర చేస్తుంది. ముద్రణను పూర్తిగా సీప్లస్‌ప్లస్ వైపు ఉంచి, స్క్రిప్టుకు లెక్కలు మాత్రమే అప్పగించడం ఉత్తమం. వేరియబుళ్ల పేర్లను తెలుగు లిపిలో రాయడానికి ప్రామాణిక లువా ఒప్పుకోదు. ఇది నాకు నిజంగా వెలితిగా అనిపిస్తుంది. 'మెత్తపెంకు' అన్న మాటను ఆ లిపిలోనే రాసుకునే వీలుంటే మేనేజర్లకు స్క్రిప్టు మరింత దగ్గరయ్యేది.

భాషలోని బలహీనతలు కొన్ని మేనేజర్ల చేతిలో ప్రస్ఫుటంగా బయటపడతాయి. లోకల్ అని ప్రకటించని ప్రతి పేరూ గ్లోబల్, అంటే స్క్రిప్టు అంతటికీ ఉమ్మడి. ఒక అక్షరం తప్పు రాస్తే కొత్త పేరు పుడుతుంది, దాని విలువ నిల్, అంటే ఏమీ లేదు. లెక్కల్లో నిల్ తగిలితే ఎర్రర్ వస్తుంది గానీ షరతులో తగిలితే అబద్ధంగా చెలామణీ అయి తగ్గింపు జరగకుండానే లెక్క ముందుకు పోతుంది. గ్లోబల్ పట్టికకు దాని ప్రవర్తనను మార్చే ఒక మెటాటేబుల్ తగిలించి, తెలియని పేరును చదవబోయినా, రాయబోయినా ఎర్రర్ ఇచ్చేలా చేయడం పది వరుసల పని. అది లేకుండా స్క్రిప్టును ఎవరి చేతికీ ఇవ్వకూడదు. సున్నా లువాలో సత్యమే అన్న సంగతి సీ నుండి వచ్చినవారిని తికమకపెడుతుంది. పట్టికల లెక్క ఒకటి నుండి మొదలుకావడాన్ని ప్రోగ్రామర్లు విమర్శిస్తూ ఉంటారు, కర్మాగారంలో మాత్రం దానిపై ఒక్క ప్రశ్న కూడా రాలేదు.

ప్రత్యామ్నాయాలలో పైతాన్‌ను మొదట చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి ఇంజనీరింగ్ కళాశాలల నుండి వచ్చే పిల్లలకు అది ముందే తెలుసు. లైబ్రరీల సంపదలో లువా దానికి సాటిరాదు. అయితే పొదగడానికి అది భారీ వస్తువు: ప్రామాణిక లైబ్రరీని వెంట మోయాలి, ప్రతి ఆబ్జెక్టును ఎన్ని చోట్ల వాడుతున్నామో చెప్పే రెఫరెన్సు లెక్కను సీ వైపు నుండి మనమే పెంచాలి, తగ్గించాలి. ఒకే ప్రోగ్రాములో పలు ఇంటర్‌ప్రిటర్లు ఎవరి లాకు వారు పెట్టుకుని నడిచే వీలు 2023 నాటి 3.12లో గానీ రాలేదు. లువాలో స్టేట్లు, అంటే విడివిడిగా తెరిచే ఇంటర్‌ప్రిటర్లు, ఒకదానికొకటి సంబంధం లేనివి. రెండు కాటాలకు రెండు స్టేట్లు తెరిచి రెండు త్రెడ్లలో (ఏకకాలంలో సాగే పనులలో) నడపవచ్చు, ఒకే స్టేటును రెండు త్రెడ్లు ఒకేసారి తాకకపోతే చాలు. పైతాన్‌లో స్క్రిప్టుకు గట్టి హద్దులు గీయడం కూడా సాధ్యపడలేదు. అందుకు ఉద్దేశించిన పాత మాడ్యూళ్లను లోపాల కారణంగా 2.3లోనే పనిచేయకుండా చేశారు. ఫాబ్రిస్ బెల్లార్డ్, చార్లీ గోర్డన్ 2019లో విడుదల చేసిన జావాస్క్రిప్ట్ ఇంటర్‌ప్రిటర్ క్విక్‌జేఎస్ చక్కని పనితనం గల వస్తువు, జావాస్క్రిప్ట్ తెలిసినవారు ఎక్కువగా ఉన్న సంస్థ దానిని తప్పక పరిశీలించాలి. అక్కడ కూడా విలువలను చేతితో విడుదల చేసే బాధ్యత మనపై పడుతుంది. లువా స్క్రిప్టులనే నడిపే మరొక ఇంటర్‌ప్రిటర్, మైక్ పాల్ రాసిన లువాజిట్, వేగంలో అద్భుతమే గానీ అది 5.1 భాష దగ్గరే నిలిచింది. పూర్ణాంకాలు మాకు ముఖ్యం, బిల్లు కట్టడంలో వేగం కొరత ఎన్నడూ లేదు గనుక దాని జోలికి పోలేదు.

సీప్లస్‌ప్లస్ వారికి సోల్2 అన్న లైబ్రరీ స్టాక్ పనినంతా దాచిపెట్టి ఎంతో సౌకర్యం కలిగిస్తుంది. అయితే అది వాడే టెంప్లేట్ల (కంపైలరు కోడును పుట్టించే అచ్చుల) వల్ల కంపైల్ సమయం పెరుగుతుంది, పొరపాటు చేస్తే కంపైలరు సందేశాలు పేజీలకు పేజీలు వస్తాయి. పొదగవలసిన ఫంక్షన్లు పదీ పదిహేనే అయితే నేరుగా సీ ఏపీఐతో (పైన చెప్పిన స్టాక్ ఫంక్షన్లతో) రాసుకోవడమే నాకు ఇష్టం.

డాక్యుమెంటేషన్ విషయంలో లువాకు పూర్తి మార్కులు ఇస్తాను. ఏపీఐ మాన్యువల్‌లో ప్రతి ఫంక్షన్ పక్కనా అది స్టాక్ నుండి ఎన్ని దించుతుందో, ఎన్ని ఎక్కిస్తుందో, ఎర్రర్ ఇవ్వగలదో లేదో క్లుప్తంగా రాసి ఉంటుంది. లైసెన్సు ఎమ్ఐటీ; వ్యాపార ప్రోగ్రాములో కలిపి అమ్ముకోవడానికి రుసుము లేదు. వెర్షన్ల మధ్య పొత్తు మాత్రం తక్కువ: 5.1కి రాసినది 5.2లో, 5.2కి రాసినది 5.3లో మార్పులు లేకుండా నడుస్తుందని ఆశించకూడదు. సోర్సును ప్రాజెక్టులోనే ఉంచుకునేవారికి దీనివల్ల తొందర ఏమీ లేదు.

ప్రతి బిల్లుతో పాటు ఆనాటి స్క్రిప్టు పాఠ్యాన్ని కూడా భద్రపరచమని కర్మాగారాలకు గట్టిగా సలహా ఇస్తాను. రైతు నెల తరువాత వచ్చి లెక్క అడిగితే అదే స్క్రిప్టును, అదే బరువుతో, అదే కౌంటుతో తిరిగి నడిపి అతని ముందే చూపించవచ్చు. ఆ లెక్క పైసాతో సహా మళ్లీ అదే రావాలంటే ఒక షరతు పాటించాలి. పట్టికలోని అంశాలన్నింటినీ ఇచ్చే పెయిర్స్ అన్న ఫంక్షన్ ద్వారా చదివితే అంశాలు ఏ వరుసలో వస్తాయో లువా హామీ ఇవ్వదు. స్ట్రింగు పేర్లున్న పట్టికలో ఆ వరుస ఒకసారికీ మరొకసారికీ మారవచ్చు. శాతాల తగ్గింపులను ఒకదాని తరువాత ఒకటి, ప్రతిసారీ పైసాకు సరిచేస్తూ తీసివేసే చోట వరుస మారితే మొత్తం మారుతుంది. అందువల్ల తగ్గింపులను 1, 2, 3 అని వరుస సంఖ్యలతో పేర్చి, ఆ సంఖ్యల వరుసలోనే ఇచ్చే ఐపెయిర్స్‌తోనే చదవాలన్న సూచనను మేము ఇచ్చే ప్రతి నమూనా స్క్రిప్టులో మొదటి వ్యాఖ్యగా రాసి ఇస్తున్నాము.